మా తోడల్లుడి ఇంటిపేరు

ఆయన పేరు ఇక్కడ రాయను. బతికున్నన్నాళ్ళూ మా ఇంట్లో ఆ పేరే జపం చేశారు, చాలు. ఇంటిపేరు మాత్రం చెప్పక తప్పదు, ఎందుకంటే నా ఏడుపంతా దానితోనే. మెండోజా. మా ఆవిడ అక్క భర్త, అంటే నాకు తోడల్లుడు. పోయి ఏడాది కావస్తోంది. పోయినవారం వినుకొండ బస్టాండు ముందు నిలబడి బజ్జీలు తింటుంటే, ఫుట్‌బాల్ చొక్కా వేసుకున్న ఒకతను బండి మీద నా ముందు నుంచి పోయాడు. వీపు మీద ఇంగ్లీషులో ఇంతింత అక్షరాలతో మెండోజా అని ఉంది. బజ్జీ నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. పోయాక కూడా ఈ మనిషి నాకు ఎదురు రావడం మానడా అని ఒళ్ళు మండింది.

నాకు ఆయనంటే కుళ్ళు. దాచుకోవడానికేముంది, మా ఊరందరికీ తెలుసు, ఆయనకీ తెలుసు. తోడల్లుళ్ళ మధ్య ఈ మాత్రం లేకపోతే వింత గానీ ఉంటే వింతేముంది? అయితే నా కుళ్ళుకి ఒక న్యాయం ఉంది, వినండి.

మా మామగారికి ఇద్దరూ ఆడపిల్లలే. రేమిడిచర్ల అనే వాళ్ళ ఇంటిపేరు ఆయనతో సరి. నూజెండ్ల దగ్గర ఊళ్ళో మిరప, పత్తి పండే పొలం ఉంది, చర్చిలో పెద్దరికం ఉంది. చిన్నమ్మాయిని నాకిచ్చి ఇల్లరికం తెచ్చుకున్నారు. నాది పెదకూరపాడు వైపు. బి.ఎ. చదివి, అన్నదమ్ముల్నీ మా చేలనీ వదిలేసి ఇక్కడికి వచ్చాను. మోటారు కాలితే నేను, కల్లంలో కాయ తడిస్తే నేను, మామగారికి షుగరు పెరిగితే ఆసుపత్రికి పరిగెత్తేది నేను. ప్రతిఫలంగా నాకు కావలసింది ఒక్కటే. ఆయన నన్ను కొడుకనుకోవాలి. పదిమందిలో ఒక్కసారి "మావోడు" అనాలి. కొత్త ట్రాక్టరు కొన్నప్పుడు దాని ముందుభాగాన రేమిడిచర్ల అని రాయించాను, మామగారు మురిసిపోతారని. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, "నీది కారుమంచి గదా అల్లుడూ, మా పేరెందుకు? చెరిపించు," అన్నారు. కోపంగా కూడా అనలేదు. మర్నాడే చెరిపించి మా ఇంటిపేరు కారుమంచి అని రాయించాను.

అలాంటి ఇంట్లోకి దిగాడు ఆ మనిషి.

వదిన కువైట్‌లో నర్సు. అదే ఆసుపత్రిలో ఏసీలు చూసే ఫిలిప్పీన్స్ మనిషిని ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. క్యాథలిక్కే కదా అని మామగారు కొన్నాళ్ళు గొణిగి ఊరుకున్నారు. మొదటిసారి మా ఇంటికి వచ్చినరోజు, గుమ్మంలో చెప్పులు విడిచి, తిన్నగా మామగారి దగ్గరికి పోయి, ఆయన కుడిచేయి అందుకుని వెనకవైపు తన నుదుటికి ఆనించుకున్నాడు. వాళ్ళ దేశంలో పెద్దవాళ్ళకి దణ్ణం అలా పెడతారట. మామగారు ఆయన్ని లాగి పక్కన కూర్చోబెట్టుకున్నారు. నేను అన్నేళ్ళుగా ఆ చేతికి ఇన్సులిన్ పొడుస్తున్నాను, ఒక్కసారైనా నన్ను పక్కన కూర్చోమనలేదు.

భోజనాల దగ్గర మామగారు మా వైపు ఎవరైనా అడిగే మొదటి ప్రశ్నే అడిగారు.

"ఇంటిపేరేంది బాబూ?"

"మెండోజా."

"అంటే ఏంది?"

ఆయన చెప్తుంటే వదిన తెలుగు చేసింది. స్పెయిన్ దేశంలో ఉత్తరాన కొండల్లో ఆ పేరుగల చిన్న ఊరు ఉందట. అక్కడి బాస్కు భాషలో చల్లని కొండ అని అర్థమట. ఊరి పేరే ఇంటిపేరై, స్పెయిన్ వాళ్ళ పడవల్లో సముద్రాలు దాటిందట. మెక్సికోలో ఉన్నారు, పెరూలో ఉన్నారు, కొలంబియాలో ఉన్నారు, అర్జెంటీనాలో అయితే ఆ పేరుతో ఒక నగరమే ఉంది, ఫిలిప్పీన్స్‌లో వీధికొకరు ఉంటారు. మామగారు ముద్ద కలపడం ఆపేశారు.

"అబ్బో! చలికొండోరా! మన రేమిడిచర్లోళ్ళం అంతా కలిపితే ఒక బస్సుకి సరిపోం. చూశావా అల్లుడూ, ఇంటిపేరంటే అదీ!"

ఆ చివరి మాట నాతో. కారుమంచి వాళ్ళం ఎన్ని బస్సులకి సరిపోతామో ఆయన అడగలేదు. కోడి తొడ ఆ రోజు నుంచి చలికొండ వారి విస్తట్లోకి మారింది.

కువైట్‌లో ఉద్యోగాలు చాలించుకుని వాళ్ళిద్దరూ వినుకొండలో కాపురం పెట్టాక నా పని ఇక అయిపోయింది. వదిన ఒక నర్సింగ్ హోమ్‌లో చేరింది. ఆయన మిర్చి బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీలో మిషన్ల దగ్గర కుదిరాడు. "ఇంటిపేరుకు తగ్గ పని," అని మామగారు ఊరంతా చెప్పుకొచ్చారు. ప్రతి ఆదివారం చర్చికి మా ఊరొచ్చేవాళ్ళు. హమాలీల దగ్గర నేర్చుకున్న తెలుగు ఆయనది. ఫాదర్ గారిని పట్టుకుని "ఏంది ఫాదరూ, ఇయ్యాల ప్రసంగం చానా పొడుగైంది?" అనేవాడు. అదే మాట నేనంటే చర్చి గేటు బయటే ఉండేవాణ్ణి. ఆయనంటే ఫాదర్ కడుపుబ్బ నవ్వేవారు.

ఆయన దిక్కు చూపించాలంటే వేలు వాడడు. పెదవులు రెండూ ముందుకు చాచి చూపిస్తాడు. మంచినీళ్ళు ఎక్కడంటే పెదవులు కుండవైపు తిరుగుతాయి. అవునని చెప్పాలంటే తల ఊపడు, కనుబొమలు రెండూ పైకెత్తుతాడు. కొన్నాళ్ళకి మా ఊరి ఆడవాళ్ళు కూడా బిందె ఎక్కడే అంటే పెదవులు చాచడం మొదలుపెట్టారు. నేను బి.ఎ. చదివి ఇన్నేళ్ళుగా ఊళ్ళో ఉన్నాను, నా అలవాటు ఒక్కటి ఎవరికైనా అంటుకుందా? ఎండుచేపల పులుసు వాసన వస్తే వంటింట్లోకే వచ్చి పీట వేసుకునేవాడు. పొద్దున్నా మధ్యాహ్నం రాత్రీ అన్నమే. మే నెల వడగాలికి మేమంతా ఉసూరుమంటుంటే, మెడకి తడి తువ్వాలు చుట్టుకుని "చల్లబడుద్ది తమ్ముడూ, చల్లబడుద్ది," అనేవాడు. ధర పడిపోయిందని నేను ఏడ్చినా అదే మాట, మామగారికి జ్వరం తగిలినా అదే మాట.

మామగారైతే ఆ ఇంటిపేరుతో చుట్టరికాలు కలపడం మొదలుపెట్టారు. మా వైపు ఇంటిపేరు ఒకటైతే చాలు, తెలియనివాడు కూడా అన్నో తమ్ముడో అయిపోతాడు. ఆ లెక్క ఆయన భూగోళమంతా వేసేశారు. టీవీలో ఎక్కడో బాక్సింగ్‌లో ఒక మెండోజా గుద్దులు తింటుంటే, "అయ్యో, మా పెద్దల్లుడికి తమ్ముడి వరసయ్యా పాపం," అని బాధపడేవారు. పెరూలో భూకంపం అని వార్త వస్తే చర్చిలో ప్రత్యేకంగా ప్రార్థన చేయించారు, మనవాళ్ళున్నారక్కడ అని. మా తోడల్లుడు పక్కనే కూర్చుని కనుబొమలెత్తి నవ్వేవాడు, కాదనేవాడు కాదు.

ఒకసారి ఉండబట్టలేక మా ఆవిడతో అన్నాను. "దూరపు కొండలు నునుపే. మీ నాన్నకి పెరటి చెట్టు మందుకి పనికిరాదు."

"లారీల వెనక రాస్తారే, నీ ఏడుపే నా ఎదుగుదల అని," అంది మా ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ. "అది మా బావ కోసమే రాసినట్టుంది. ఏడవండి, ఇంకా ఏడవండి."

ఆయనకి ఒక్కతే కూతురు. దుబాయ్‌లో నర్సు. తనతో పనిచేసే ఫిలిప్పీన్స్ అబ్బాయిని చేసుకుంటానంది. తల్లిదండ్రులు సరే అన్నారు, తాతా సరే అన్నారు. అందరూ ఆ అబ్బాయిని పేరు పెట్టి పిలవడమే గానీ ఇంటిపేరు ఎవరూ ఎత్తలేదు. విదేశాల వాళ్ళకి అది చివర ఎక్కడో ఉంటుంది కదా. పెళ్ళి మా ఊరి చర్చిలోనే అనుకున్నారు. మా క్యాథలిక్కులలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు పూజలో చాటింపు వేస్తారు. ఫలానా వారి అబ్బాయికి, ఫలానా వారి అమ్మాయికి పెళ్ళి, ఆటంకం తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి అని. ఎవరూ ఏమీ చెప్పరు. దగ్గుతారు, మోకాళ్ళు సర్దుకుంటారు, అంతే.

మొదటి ఆదివారం ఫాదర్ చదివారు. వరుడి పేరు, తండ్రి పేరు, మెండోజా. వధువు పేరు, తండ్రి పేరు, మెండోజా.

చర్చి అంతా ఒక్కసారి గుసగుసలాడింది. "ఇంటిపేరు ఒకటే గదటే?" అని ఆడవాళ్ళ వైపు నుంచి వినపడింది. "అన్నాచెల్లెళ్ళు అవుతారు గదా!" ముందు వరసలో మా మామగారు కర్ర ఊతంగా లేచి నిలబడ్డారు. ప్రపంచంలోని మెండోజాలందరినీ అన్నదమ్ములు చేసిన మనిషి, ఇప్పుడు ఏం చేస్తారు?

"ఆటంకం ఉంది ఫాదర్," అన్నారు.

నిజం చెప్తున్నాను, నాకు పండగలా ఉంది. ఇన్నేళ్ళకి ఆ ఇంటిపేరు ఎక్కడో ఒకచోట అడ్డుపడింది. పొగిడిన నోటితోనే అడ్డుపడింది.

పూజ అయ్యాక చర్చి ఆవరణలో వేపచెట్టు కింద అందరూ మూగారు. చర్చి చట్టంలో రక్తసంబంధం చూస్తారే తప్ప ఇంటిపేరు చూడరని ఫాదర్ నచ్చజెప్పబోయారు.

"మీ చట్టం మీది ఫాదర్. ఒకే ఇంటిపేరోళ్ళకి పెళ్ళి చేస్తే రేపు నా మొహాన ఉమ్ముతారు," అన్నారు మామగారు. వదిన ఒక పక్క ఏడుస్తోంది. దుబాయ్ నుంచి పిల్ల ఫోన్ మీద ఫోన్ చేస్తోంది. "తాతయ్యకి చెప్పు బాబాయ్," అని నాకు కూడా చేసింది. చెప్తానమ్మా అన్నానే గానీ నోరు విప్పలేదు. చూద్దాం, ఈ మెండోజా ఎలా బయటపడతాడో అనుకున్నాను.

ఆయన వచ్చి మామగారి ముందు నేలమీద గొంతుక్కూర్చున్నాడు.

"మామయ్యా, ఆ పేరు మాది కాదు."

"ఏందీ?"

"స్పెయిన్ దొరలు మా దీవుల్ని ఏలేటప్పుడు మాకు ఇంటిపేర్లు లేవు. పన్నులకి మనుషుల్ని గుర్తుపట్టాలి గదా. పేర్లు పంచారు. రేషన్ బియ్యం పంచినట్టు. ఒక్కో ఊరికి ఒక్కో అక్షరం. మా ఊళ్ళో అందరి పేర్లూ ఆ ఒక్క అక్షరంతోనే. ఆ అబ్బాయి వాళ్ళది వేరే దీవి. వాళ్ళకీ అదే పంచారు. మాకూ వాళ్ళకీ చుట్టరికం లేదు. నాకు స్పెయిన్ యాడుందో కూడా తెల్వదు మామయ్యా, పటంలో చూశా."

"మరి చలికొండ?"

"పేరు పుట్టిన ఊరు అది. మేం పుట్టిన ఊరు కాదు."

"ఇన్నేళ్ళూ చెప్పలేదే?"

"మీరు సంతోషపడుతున్నారు గదా అని."

మామగారు కర్ర కొసతో వేపాకులు పక్కకి నెట్టారు. "అయితే నీకు ఇంటిపేరే లేదన్నమాట."

ఆయన కనుబొమలు పైకెత్తాడు, అవునని.

మా వైపు ఇంటిపేరు లేనోడా అంటే తిట్టు. ఆ తిట్టు వంద మంది ముందు ఒక మనిషి తనకు తానే తగిలించుకున్నాడు, కూతురి పెళ్ళి కోసం. మెక్సికో పోయింది, పెరూ పోయింది, అర్జెంటీనాలో నగరం పోయింది, అన్నీ ఆ వేపచెట్టు కిందే కూలిపోయాయి. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఇక మా ఇంట్లో కారుమంచి ముందు మెండోజా నిలబడదు అనుకున్నాను.

ఏం నిలబడదు? మామగారు వంగి ఆయన తల నిమిరారు. "పాపం, ఎవడో ఇచ్చిన పేరు మోసుకుని ఇంత దూరం వచ్చావా నాయనా," అన్నారు. పెళ్ళికి ఒప్పుకున్నారు. రెండో చాటింపు, మూడో చాటింపు అయ్యాయి, ఎవరూ దగ్గలేదు కూడా. పిల్ల ఆధార్‌లో ఇంటిపేరు మార్చే ఖర్చు మిగిలిందని ఊళ్ళో జోకులేసుకున్నారు. ఆ తర్వాత మామగారికి ఆయన మీద ఇంతకు ముందు ఉన్నది గౌరవం, ఇప్పుడు ప్రేమ. ఎదుగుతుంటే కుళ్ళుకున్నాను, అది సరే. పడిపోతే కూడా కుళ్ళుకోవాల్సి వస్తుందని ఎవడనుకున్నాడు?

ఆ ఏడు ఎండు మిర్చి వేయడానికి కోల్డ్ స్టోరేజీకి పోయాను. బయట నిప్పులు కురుస్తున్నాయి, లోపల పళ్ళు టకటకలాడుతున్నాయి. తన జర్కిన్ విప్పి నా మీద వేశాడు. బస్తాల మధ్య నడుస్తూ అడిగాడు.

"తమ్ముడూ, కారుమంచి అంటే ఊరు గదా?"

"అవునన్నయ్యా. ఇక్కడికి దగ్గరే. మా తాతల తాతలు ఎవరో అక్కణ్ణుంచి పెదకూరపాడు వైపు వలసపోయారంట."

"నువ్వు చూశావా?"

చూడలేదు. బస్సెక్కితే అరగంట దూరం, ఎప్పుడూ పోలేదు. పోయి ఏం చేయాలి? ఆయన నా వైపు చూసిన చూపు నాకిప్పటికీ సరిగా అర్థం కాదు. ఆకలిగొన్నవాడు, అన్నం పారబోసేవాణ్ణి చూసినట్టు చూశాడు.

మరుసటి ఆదివారం పూజ అవగానే నన్ను బండి ఎక్కించుకుని బయల్దేరాడు. కారుమంచి ఊరి మొదట్లో బోర్డు దగ్గర ఆపాడు. సిమెంటు దిమ్మ, సగం మీద ఎన్నికల పోస్టరు, కింద గేదె పేడ. ఆయన తన తువ్వాలుతో ఆ పోస్టరు మూల తుడిచి, అక్షరాలు కనపడేలా చేసి, నన్ను దాని పక్కన నిలబెట్టి ఫోటో తీశాడు. ఒకటి కాదు, నిలువుగా, అడ్డంగా, దగ్గరగా, దూరంగా. అటుగా పోతున్న ఒక ముసలాయన ఆగి ఎవరు బాబూ మీరు అంటే, నా వైపు పెదవులు చాచి, "ఈ ఊరోడే పెదనాయనా, వచ్చాడు," అన్నాడు.

"ఎవరోళ్ళు?"

"కారుమంచోళ్ళు."

"ఆహా! ఊళ్ళో ఉన్నోళ్ళకి ఊరి పేరుండదు. ఊరొదిలి పోయినోళ్ళకే అది ఇంటిపేరయ్యేది. మీరు పోయినోళ్ళేనయ్యా," అని ముసలాయన నవ్వి, పొలంలో దోసకాయ కోసి ఇచ్చాడు. నాకూ ఆయనకూ చెరి సగం.

తిరిగొస్తుంటే బండి మీద వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "నీ మీద నాకు చానా కుళ్ళు తమ్ముడూ."

ఈ ఇంట్లో కుళ్ళుకునే హక్కు ఒక్కటే నాకు మిగిలింది. దాంట్లో కూడా వాటా అడిగాడు. ఎగతాళి చేస్తున్నాడేమో అనుకున్నాను. అద్దంలో ఆయన మొహం చూశాను. ఎగతాళి కాదు.

ఆ చలికాలంలో పోయాడు. పొద్దున డ్యూటీ దిగి వచ్చి, కాఫీ పెట్టమని వదినకి చెప్పి కుర్చీలో కూర్చున్నాడట. వదిన కాఫీ తెచ్చేసరికి లేడు. వినుకొండలోనే మట్టి చేద్దామని అన్నవాళ్ళున్నారు. మామగారు ఒప్పుకోలేదు. మా ఊరి సమాధుల దొడ్డికి తెప్పించి, ఎప్పుడో పోయిన మా అత్తయ్య సమాధి పక్కన పెట్టించారు. ఆ చోటు మీద నాకు ఎప్పటి నుంచో కన్నుంది. చావు దగ్గర కూడా ఇదేం బుద్ధి అంటారా? నాకు ఉన్నదే చెప్తున్నాను. గుంటలో మొదటి పిడికెడు మట్టి వేసింది నేనే, అదీ నిజమే.

ఈ నవంబరులో సమాధుల పండుగకి రాయి నిలబెట్టాలి. పోయిన ఆదివారం మామగారు నన్ను పిలిచారు. ఇప్పుడు మంచం దిగలేరు.

"అల్లుడూ, రాయి మీద ఆ దొరల పేరొద్దు. రేమిడిచర్ల అని చెక్కించు."

నేను వదిన వైపు చూశాను. వదిన తల ఊపింది. మా ఆవిడ నా వైపు చూడకుండా గోడ వైపు చూసింది.

"మామయ్యా," అన్నాను. అడిగేశాను. "రేపు నేను పోతే?"

ఆయన నన్ను వింతగా చూశారు. "నీకేం అల్లుడూ, నీకు కారుమంచి ఉంది గదా," అన్నారు.

నిన్న నరసరావుపేటలో గ్రానైట్ కొట్టుకి పోయాను. నల్లరాయి మంచిదే ఏరాను, నాసిరకం తెచ్చాడని రేపెవరూ అనకూడదు. పేరు చెప్పాను, ఇంటిపేరు ముందు పెట్టి. కొట్టాయన సుద్దముక్కతో రాయి మీద రాసుకుంటూ, "రేమిడిచర్ల... పోయినాయన ఆ ఇంటి కొడుకాండీ?" అన్నాడు.

కాదని చెప్పొచ్చు. చెప్తే ఎవరు కాదంటారు?

"అవును," అన్నాను. "కొడుకే."

"మరి తమరేమవుతారు?"

"అల్లుణ్ణి," అన్నాను.